20 నిమిషాల్లో పురానీ హవేలీ

సంపాదకులకు నమస్కారం. మాది హనుమకొండ, డిగ్రీ చదువుతున్నాను. మొన్న కాలేజీ టూర్‌లో హైదరాబాద్ పురానీ హవేలీలోని నిజాం మ్యూజియం చూశాం. చూశాం అనడం కంటే దాటుకుంటూ వెళ్లాం అంటే సరిపోతుందేమో. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ రజతోత్సవాలకు 1937లో వచ్చిన వెండి కానుకలు ఒకవైపు ఉన్నాయి గానీ, నా కాళ్లు ఆగింది మాత్రం ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ బట్టల అల్మారాల దగ్గర. హాలు పొడవునా, రెండు అంతస్తుల్లో అన్నీ చెక్క తలుపులే, పైఅంతస్తుకు చేత్తో తిప్పే చెక్క లిఫ్టు! మా ఇంట్లో నలుగురికీ ఒకటే బీరువా, అందులో సగం అమ్మ పెళ్లినాటి చీరలే.

అక్కడ రాసింది చదివేలోపే సార్ విజిల్ వేశారు. మ్యూజియంకు 20 నిమిషాలు, షాపింగ్‌కు 2 గంటలు, ఇదేం లెక్కండీ? టూర్లు వేసే కాలేజీలు కాస్త ఆలోచించాలి.

అన్నట్టు, మన వరంగల్ కోటలోనూ ఖుష్ మహల్ ఉంది, కోట పరిసరాల్లో దొరికిన శిల్పాలు అందులోనే పెట్టారు. బస్సులో ఎంతమంది చూశారని అడిగితే ముగ్గురే చేతులెత్తారు, ఆ ముగ్గురిలో నేను లేను. ఈ ఆదివారం వెళ్తున్నాం, విజిల్ లేకుండా.

– ఒక డిగ్రీ విద్యార్థిని, హనుమకొండ