మా పిల్లలు ఏం చదువుతున్నారో కూడా అడగండి

సంపాదకుడు గారికి,

మీ ఆదివారం అనుబంధంలో గురుకులాల మీద వచ్చిన కథనం చూశాను. ఫొటోలు బాగున్నాయి. పొద్దున్నే గోదావరి మెట్లు, పిలకలు, విభూతి రేఖలు, వరసగా కూర్చున్న పిల్లలు. అంతా చదివాక కూడా వాళ్లు అక్కడ ఏం చదువుతున్నారో మాత్రం ఎక్కడా దొరకలేదు. మీ విలేకరి వాళ్లని సెల్‌ఫోన్ ఇస్తారా, పిజ్జా తింటారా, ఇంటి మీద బెంగ రాదా, ఇంగ్లీషు వచ్చా అని అన్నీ అడిగారు గానీ, ఇప్పుడు ఏ పాఠం నడుస్తోందని ఒక్కళ్లనీ అడగలేదు.

నేను వ్యాకరణం చదువుకుని జూనియర్ కాలేజీలో సంస్కృతం చెబుతున్నాను, అందుకే ఈ ఉక్రోషం. వేదం, శాస్త్రం, పౌరోహిత్యం మూడూ ఒకటే అనుకుంటారు బయటివాళ్లు. వేద విద్యార్థి గురువు దగ్గర సంత చెప్పుకుని, అంటే ఆయన చెప్పింది మళ్లీ మళ్లీ పలికి నేర్చుకుని, స్వరం తప్పకుండా పదం, క్రమం, జట, ఘన అనే పఠన పద్ధతుల దాకా వెళ్తాడు. 2008లో యునెస్కో జాబితాలో చేరింది ఈ పఠన సంప్రదాయమే. శాస్త్ర విద్యార్థి దారి వేరు. శబ్దరూపాల శబ్దమంజరి, నిఘంటువైన అమరకోశం, కాళిదాసు రఘువంశం అయ్యాక తర్కానికి తర్కసంగ్రహం, వ్యాకరణానికి కౌముది, ఆపైన ఒక శాస్త్రం. వీళ్లిద్దరికీ పెళ్లి చేయించడం రాకపోవచ్చు. నాకూ రాదు, అయినా మా వీధిలో గృహప్రవేశానికి ముహూర్తం నన్నే అడుగుతారు.

ఎగతాళి కన్నా పొగడ్త ఎక్కువ చేటు చేస్తోందని నా అభిప్రాయం. కంప్యూటర్లకి సంస్కృతమే సరైన భాష అని నాసా తేల్చేసిందట! ఏ టీవీ చర్చలోనైనా ఎవరో ఒకరు ఈ మాట అనాల్సిందే. జరిగింది ఇంతే: నాసా పరిశోధన కేంద్రంలో పనిచేసే రిక్ బ్రిగ్స్ అనే ఆయన 1985లో ఏఐ మ్యాగజైన్‌లో ఒక వ్యాసం రాశారు. కంప్యూటర్‌కి వాక్యం అర్థాన్ని ఎలా అందించాలని అప్పటివాళ్లు తంటాలు పడుతుంటే, మన శాస్త్రకారులు వాక్యాన్ని విప్పే పద్ధతి దానికి చాలా దగ్గరగా ఉందని చూపించారు. ఆయన తీసుకున్న ఉదాహరణల్లో ఒకటి, మైత్రుడు స్నేహం కొద్దీ దేవదత్తుడికి కుండలో, నిప్పు మీద అన్నం వండుతున్నాడు అని. ఎవరు, ఎవరికి, దేనిలో, దేనితో, ఎందుకు అన్నవి ఒక్కొక్కటీ వంట అనే క్రియకి ఎలా ముడిపడతాయో చెప్పడం. దీన్నే మేం శాబ్దబోధ అంటాం.

అసలు రుచి ఇక్కడే ఉంది. ఆ వాక్యంలో దేని చుట్టూ మిగతావన్నీ తిరుగుతాయి? ధాతువు, అంటే క్రియకి మూలమైన మాట, చెప్పే వంట పని అంటారు వైయాకరణులు, అంటే వ్యాకరణం వాళ్లు. కాదు, వండే మైత్రుడే అంటారు నైయాయికులు, అంటే తర్కం వాళ్లు. వేదవాక్యాల అర్థం తేల్చే మీమాంసకులు వచ్చి ఇద్దరినీ కాదని భావన, అంటే పని జరిగేలా చేసే ప్రయత్నం, అంటారు. ఈ తగవు వందల ఏళ్లుగా నడుస్తోంది, తిరుపతిలో వాక్యార్థ సభ, అంటే పండితుల ముందు శాస్త్రచర్చ, పెడితే ఇప్పటికీ నడుస్తుంది. ఆ సభలో కుర్రాడు ముందు ఎదుటివాడి వాదాన్ని, అంటే పూర్వపక్షాన్ని, వాడికంటే గట్టిగా నిలబెట్టాలి, ఆ తర్వాతే తన సిద్ధాంతం చెప్పాలి. పూర్వపక్షం బలహీనంగా పెడితే పెద్దలు అక్కడే ఆపేస్తారు. మన టీవీ చర్చల్లో ఈ నియమం పెడితే ఎంతమంది మిగులుతారో మరి. దీన్ని పట్టుకుని వట్టి బట్టీ చదువు అంటే ఏమనాలి? కంఠస్థం ఉంది, బోలెడంత ఉంది, సూత్రం నోట్లో లేనివాడు సభలో పుస్తకం వెతుక్కుంటూ కూర్చోలేడు కదా.

మమ్మల్ని నిలదీయొద్దని కాదు. వేద పాఠశాలల్లో చాలాచోట్ల ఈనాటికీ ఒక కులం మగపిల్లలే ఎందుకున్నారు? ఈ ప్రశ్న మీ కథనంలో ఉండాల్సింది, లేదు. అంటరానితనం అనుభవించిన కవి జాషువా గారు మేఘసందేశం, రఘువంశం చదువుకున్నది జూపూడి హనుమచ్ఛాస్త్రి గారి దగ్గరే. చెప్పే గురువు ఉంటే చదువు ఎవరికైనా వస్తుందని తెలిసి కూడా తలుపులు ఎందుకు పూర్తిగా తెరుచుకోలేదో మా పెద్దల్నే అడగండి, ఇబ్బంది పడితే పడనివ్వండి.

మా ఇంటర్ సంస్కృతం గురించీ రాయండి. తెలుగు కన్నా మార్కులు ఎక్కువొస్తాయని పిల్లలు దీన్ని తీసుకుంటారు, చాలా జవాబులు ఇంగ్లీషులోనో తెలుగులోనో రాసేస్తారు, వందకి దగ్గర్లో మార్కులు తెచ్చుకుంటారు, రెండేళ్లయ్యాక ఒక శ్లోకం పదవిభాగం చేయలేరు. అవే మార్కులు ర్యాంకుల ప్రకటనల్లో మీ మొదటి పేజీలోనే కనిపిస్తాయి.

ఈసారి విలేకరిని పంపేటప్పుడు ఫొటోగ్రాఫర్ లేకపోయినా ఫర్వాలేదు. వాక్యార్థ సభ జరిగే రోజున పంపండి, పక్కన కూర్చుని ఎవరు ఏమంటున్నారో తెలుగులో చెప్పడానికి నేను వస్తాను.

ఇట్లు,
ఒక సంస్కృత అధ్యాపకుడు,
తూర్పు గోదావరి జిల్లా