గర్భాశయం వేరు, గర్భాశయ ముఖద్వారం వేరు

సంపాదకుల వారికి,

నమస్కారం. పన్నెండు రోజుల కిందట మీ పత్రిక ఆరోగ్యం పేజీలో వచ్చిన వ్యాసం గురించి రాస్తున్నాను. చదివిన రోజే రాద్దామనుకున్నాను గానీ, కోపంలో మాట తూలుతానేమోనని ఆగాను. ఎవరైనా డాక్టరుగారు రాస్తారేమో, మీరే సవరణ వేస్తారేమో అని రోజూ పేపరు రాగానే ముందు ఆ పేజీయే చూశాను. ఎవరూ రాయలేదు, మీరూ వేయలేదు.

'గర్భాశయ క్యాన్సర్‌కు టీకాతో చెక్' అని హెడ్డింగు పెట్టారు. లోపల రాసిందంతా గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ గురించి. హెచ్‌పీవీ వైరస్, 9 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు టీకా, పాప్ పరీక్ష... అవన్నీ నిజాలే, అవసరమైనవే. కానీ వ్యాసం సగానికి వచ్చేసరికి 'ముఖద్వార' అనే మాట ఎగిరిపోయింది. చివరికి 'పాప్ పరీక్ష నార్మల్‌గా వస్తే గర్భాశయ క్యాన్సర్ గురించి భయపడనక్కర్లేదు' అని ముగించారు. ఆ వాక్యం చదివాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. సరిగ్గా ఇదే మాట నమ్మి మా అక్క ఏడు నెలలు పోగొట్టుకుంది.

గర్భసంచికి కింద ఉండే మూతి ముఖద్వారం. అక్కడ వచ్చే క్యాన్సర్ దాదాపు ఎప్పుడూ హెచ్‌పీవీ వల్లే వస్తుంది. అసలు గర్భసంచి లోపలి పొరలో పుట్టేది వేరే జబ్బు. దాన్ని ఎండోమెట్రియల్ క్యాన్సర్ అంటారు. దానికి ఆ వైరస్‌తో సంబంధం లేదు, టీకా లేదు. పాప్ పరీక్షలో మూతి దగ్గర కణాలు తీసి చూస్తారు. లోపలి పొరలో ఏం జరుగుతోందో తేల్చడానికి పెట్టిన పరీక్ష కాదది. ఇంటి గుమ్మం చూసి వంటింట్లో గ్యాస్ లీకవుతోందో లేదో చెప్పలేం కదా. రెండింటికీ ఒకే పేరు వాడితే ఏ ఆడమనిషికి ఏది అర్థమవుతుంది?

అక్కకు అరవై రెండేళ్లు. నెలసరి ఆగిపోయి తొమ్మిదేళ్లయింది. షుగరు ఉంది, కాస్త ఒళ్లు కూడా. ఒక రోజు లంగా మీద చిన్న మరక కనబడింది. ఎవరికీ చెప్పలేదు. తెల్లవారుజామునే లేచి తనే ఉతుక్కుని, దండెం మీద పెద్ద దుప్పటి వెనకాల ఆరేసుకుంది. మూడోసారి అలా ఆరేస్తుండగా కోడలి కంట పడింది. అప్పుడు ఇంట్లో పెద్దవాళ్లు అన్నమాట 'వేడి చేసి ఉంటుంది' అని. మజ్జిగ తాగించారు, నానబెట్టిన మెంతులు మింగించారు. వీధి చివర ఉండే ఆర్‌ఎంపీ రక్తం ఆగడానికి ఇంజక్షన్ చేశాడు, ఆగింది. ఆగడమే మా కొంప ముంచింది.

తర్వాత ఊళ్లో ఉచిత శిబిరం పెడితే వెళ్లింది. పాప్ పరీక్ష చేశారు. నార్మల్ అన్నారు. 'గర్భాశయ క్యాన్సర్ లేదమ్మా, నిశ్చింతగా ఉండండి' అని చెప్పి పంపించారు. రక్తం కనబడిందని అక్క చెప్పిందట, ఆ రద్దీలో విన్నవాళ్లు లేరు. ఆ కాగితం మడిచి బీరువాలో పెట్టుకుంది. ఆ తర్వాత మళ్లీ మరక కనబడినా, కాగితం ఉందన్న ధైర్యంతో ఏడు నెలలు గడిపేసింది.

చివరికి నేనే బలవంతంగా స్కానింగుకు తీసుకెళ్లాను. లోపలి పొర మందం 14 మిల్లీమీటర్లు అని రాశారు. నెలసరి ఆగిన వాళ్లలో రక్తం కనబడినప్పుడు ఆ పొర 4 మిల్లీమీటర్లు దాటితే ముక్క తీసి పరీక్షకు పంపాలని ఆ రోజు ఆ డాక్టరమ్మ చెప్పేదాకా మాకు తెలియదు. నలభై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పిన నాకే తెలియదు. ముక్క తీయడం ఎంత సేపో కూడా కాదు. సన్నటి గొట్టం లోపలికి పంపి కొంచెం కణజాలం తీశారు. అక్క పళ్లు బిగబట్టుకుని నా చెయ్యి పట్టుకుంది, పట్టు వదిలేలోపు అయిపోయింది. రిపోర్టు కోసం ఎదురుచూసిన రోజులే నరకం.

భయపెట్టడానికి రాయడం లేదు. నెలసరి ఆగాక రక్తం కనబడిన ప్రతి పదిమందిలో సుమారు ఒకరికే క్యాన్సర్ ఉంటుంది. మిగతావాళ్లకు పొర పలచబడటమో, పాలిప్ అనే కండ పెరగడమో, ఇంకేదో. కానీ లెక్క అటునుంచి చూస్తే, ఈ క్యాన్సర్ వచ్చిన ప్రతి పదిమందిలో తొమ్మిది మందికి ముందుగా ఆ రక్తమే కనబడుతుంది. లక్షణాలు లేని ఆడవాళ్లందరికీ ముందుగా చేయదగ్గ పరీక్ష దీనికి లేదు. ఆ మరకే హెచ్చరిక. నెలసరి నిలిచి ఏడాది దాటాక ఒక్క చుక్క కనబడినా, ఒక్కసారే కనబడినా, ఆగిపోయినా డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఈ ముక్క మీ వ్యాసంలో ఎక్కడా లేదు.

ఇక అధికారుల సంగతి. ముప్ఫై ఏళ్లు దాటిన అందరికీ ఆశా కార్యకర్త ఇంటికొచ్చి నింపే ఫారం ఒకటుంది. అందులో ఆడవాళ్లను అడగాల్సిన ప్రశ్నల్లో 'నెలసరి ఆగిన తర్వాత రక్తస్రావం ఉందా' అన్నది స్పష్టంగా ఉంది. మా అక్క ఇంటికీ వచ్చారు. అరుగు మీద బావగారూ ఆయన స్నేహితులూ కూర్చుని పేపరు చదువుతున్నారు. గుమ్మంలో నిలబడే ఆ అమ్మాయి 'ఏమీ లేవు కదమ్మా' అంది, అక్క తల ఊపింది, అన్నిటికీ 'లేదు' అని పడిపోయింది. ఆ అమ్మాయిని నేను తప్పు పట్టను. సాయంత్రానికి ఇన్ని ఇళ్లు అప్‌లోడ్ చేయాలని పైనుంచి ఫోను మీద ఫోను. ఇంట్లోకి వెళ్లి, తలుపు దగ్గరగా వేసి, రెండు నిమిషాలు అడిగే తీరిక ఆమెకు ఎవరిచ్చారు? అడగకుండా నింపిన ఫారాలతోనే జిల్లాలో ఇంత శాతం పూర్తయిందని సమీక్షల్లో చదువుతారు. రిబ్బన్లు కట్టుకుని నడకలు పెడతారు, ఫొటోలు దిగుతారు, మీరు జిల్లా పేజీలో వేస్తారు. ఆ ఫొటోల పక్కన ఈ ఒక్క ప్రశ్న వేసినా ఎంతమంది చదివేవారో!

మన దగ్గర ఇంకో ఘోరం ఉంది. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్న వాళ్లు దేశం మొత్తం మీద 3 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం, తెలంగాణలో 8 శాతం. దేశంలో మనమే ముందున్నాం. అనవసరపు ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలు అమలు చేయమని 2023లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. ముప్ఫై అయిదేళ్ల కూలి మనిషికి తెల్లబట్ట అవుతోందంటే 'తీసేస్తే క్యాన్సర్ రాదు' అని భయపెట్టి తీసేస్తారు. తీసింది పరీక్షకు పంపారా, రిపోర్టు ఏది అంటే సమాధానం ఉండదు. అరవై దాటిన మనిషి రక్తం కనబడుతోందంటే వేడి చేసిందంటారు. తీయనక్కర్లేని వాళ్లకు తీసి, తీయాల్సిన వాళ్లను ఇంటికి పంపే పద్ధతి ఎప్పుడు పోతుంది?

అక్క అదృష్టం కొద్దీ జబ్బు గర్భసంచి దాటలేదు. కాకపోతే కండరంలోకి సగానికి మించి దిగింది. ఆ ఏడు నెలల్లో ఎంత దిగిందో నాకెవరూ చెప్పలేరు, నేనడగడమూ మానేశాను. చిన్న రంధ్రాలు పెట్టి గర్భసంచి, ట్యూబులు, అండాశయాలు తీశారు. కొన్ని లింఫు గ్రంథులు కూడా తీసి చూశారు. అన్నీ పరీక్షించాకే స్టేజి చెప్పారు. తర్వాత మూడు విడతలు లోపల కరెంటు (రేడియేషన్) పెట్టారు. జబ్బు ఇంకా ముదిరితే బయటి నుంచి అయిదు వారాలపాటు కరెంటు, కీమో కూడా పడేవట. ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్ ఉందా అని డాక్టరుగారు గుచ్చి గుచ్చి అడిగారు. రెండూ ఒకే వంశంలో నడిచే లించ్ సిండ్రోమ్ అనే లోపం ఉంటుందట. అది ఉంటే పిల్లలకూ పరీక్షలు చేయాలి. మా ఇంట్లో లేదు.

ఆపరేషన్ గురించి చెప్పేవాళ్లు ఉన్నారు గానీ, ఆ తర్వాత సంగతి చెప్పేవాళ్లు లేరు. డిశ్చార్జి కాగితంలో మాత్రల పేర్లు, మళ్లీ రావాల్సిన తేదీ, అంతే. కరెంటు పెట్టిన చోట యోని దారి బిగుసుకుపోతుందని, అలా కాకుండా వాడే సాధనం ఉంటుందని అక్కకు ఒక నర్సు వరండాలో చెవిలో చెప్పింది. అది చెవిలో చెప్పాల్సిన మాటా? గ్రంథులు తీసిన వాళ్లకు కాలు వాచవచ్చని, వాపు మొదలైన రోజే చూపించుకోవాలని వాచాక తెలిసింది. మొదటి రెండు మూడేళ్లు మూడు నుంచి ఆరు నెలలకోసారి, అయిదేళ్లదాకా చూపించుకోవాలి. తొలిదశలో బయటపడ్డ వాళ్లకు ఆ తర్వాత ఈ క్యాన్సర్ కంటే గుండె జబ్బు ప్రమాదమే ఎక్కువని కూడా అక్కడే ఒక డాక్టరుగారు చెప్పారు. అందుకే అక్క ఇప్పుడు పొద్దున్నే చెరువు గట్టు మీద నడుస్తోంది. షుగరు చూసుకుంటోంది. రెండున్నరేళ్లయింది. చెకప్‌కు ముందు వారం మాత్రం అన్నం సయించదు. ఆ టెన్షన్ తగ్గడానికి మాట్లాడే మనిషిని ఏ ఆసుపత్రిలోనూ మాకు చూపించలేదు.

నేనడిగేది రెండే. మీ పత్రికలో 'ముఖద్వార' అన్న మాట హెడ్డింగులో పట్టకపోతే హెడ్డింగు మార్చండి గానీ మాట తీసేయకండి. పాప్ పరీక్ష గురించి రాసిన ఆ చివరి వాక్యానికి సవరణ అదే పేజీలో, అదే సైజు అక్షరాల్లో వేయండి. ఎక్కడో మూలన వద్దు. మా పీహెచ్‌సీ నోటీసు బోర్డు మీద మీ పాత వ్యాసం కత్తిరించి అంటించారు, మొన్న మంగళవారం చూశాను. సవరణ వచ్చిన రోజు నేనే వెళ్లి దాని పక్కన అంటిస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
తెనాలి