సీఎఫ్8ఎం అడిగితే సీఎఫ్8 బాడీలు పంపడంపై ఫిర్యాదు

సేల్స్ మేనేజర్ గారికి,

విషయం: 2 అంగుళాల బాల్ వాల్వులలో బాడీ మెటల్ తేడా

అయ్యా,

జీడిమెట్లలోని మా బల్క్ డ్రగ్ యూనిట్‌కి మీరు సప్లై చేసిన వాల్వుల గురించి రాస్తున్నాను. ఉప్పు కలిసిన వాష్ వాటర్ లైన్ కాబట్టి బాడీ సీఎఫ్8ఎం (316 స్టెయిన్‌లెస్ స్టీల్‌కి పోత రకం), బాల్, స్టెమ్ (బాల్‌ని తిప్పే కడ్డీ) 316 కావాలని పర్చేజ్ ఆర్డర్‌లోనే స్పష్టంగా రాశాం. వాటిలో మూడు వాల్వులు ఏడాది కూడా తిరక్కుండానే బాడీ నుంచే కారుతున్నాయి.

మొదట గ్లాండ్ (స్టెమ్ చుట్టూ ఉండే సీలు) లీకేమో అనుకుని మా ఫిట్టర్ నట్లు బిగించాడు. అయినా చెమ్మ ఆగలేదు. విప్పి చూస్తే బాడీ లోపల అడుగున సూదిమొనంత గుంటలు, చుట్టూ తుప్పు మరకలు. బాల్ మాత్రం నిగనిగలాడుతోంది. పీఎంఐ గన్ (మెటల్‌లో ఏ మూలకం ఎంతుందో చూపే పరికరం) పెట్టి చూస్తే బాల్‌లో మాలిబ్డినం 2.1 శాతం, బాడీలో 0.2 శాతం. సీఎఫ్8ఎం అంటే 2 నుంచి 3 శాతం ఉండాలి. ఉప్పులోని క్లోరైడ్ గుంటలు పెట్టకుండా కాచేది ఆ మాలిబ్డినమే. అది ఉంటుందనే కదా ఎక్కువ రేటు ఇచ్చాం!

ఇంకో సంగతి. బాడీ మీద 'సీఎఫ్8' (304 స్టెయిన్‌లెస్ స్టీల్‌కి పోత రకం) అక్షరాలు పోతలోనే ఉబ్బెత్తుగా వచ్చాయి. పక్కన 'ఎం' మాత్రం పంచ్‌తో కొట్టినట్టు లోపలికి దిగి ఉంది. ఫొటోలు జతచేశాను. మీరిచ్చిన టెస్ట్ సర్టిఫికెట్‌లోని హీట్ నంబరుకీ (ఒక్కసారి కరిగించిన మెటల్‌కి ఇచ్చే నంబరు), బాడీ మీదున్న నంబరుకీ పొంతన లేదు.

మీ ప్రతినిధి వచ్చి, అయస్కాంతం అంటుకోలేదు కనుక 316 అనేశారు. 304కి కూడా మామూలుగా అంటుకోదు. పైగా అసలైన సీఎఫ్8ఎం పోతలో కొంత ఫెర్రైట్ (అయస్కాంతానికి అంటుకునే భాగం) ఉండి, అయస్కాంతాన్ని కాస్త లాగినా లాగుతుంది. ఆ పరీక్షతో గ్రేడ్ తేలదు. హైడ్రో టెస్ట్ పాసైందన్న మాటా అంతే. అది లీకు, బలం చూస్తుంది గానీ మెటల్ ఏమిటో చెప్పదు. లైన్‌లోకి యాసిడ్ వచ్చి ఉంటుందని కూడా అన్నారు. హైడ్రోక్లోరిక్ యాసిడ్ లైన్లకు మేం పీఎఫ్‌ఏ (యాసిడ్‌ని తట్టుకునే ప్లాస్టిక్) లైనింగ్ వాల్వులే వాడతాం, ఈ లైన్‌తో వాటికి కనెక్షనే లేదు.

స్టీమ్ లైన్‌కి మీరిచ్చిన డబ్ల్యూసీబీ (కార్బన్ స్టీల్ పోత) వాల్వులతో ఏ ఇబ్బందీ లేదు. అందుకే ముందుగా మీకే రాస్తున్నాను.

ఈ లాట్ మొత్తం వెనక్కి తీసుకుని, అసలైన సీఎఫ్8ఎం బాడీలతో మార్చి ఇవ్వండి. ఈఎన్ 10204 ప్రమాణం ప్రకారం 3.1 సర్టిఫికెట్ (మెటల్ పరీక్ష ఫలితాలతో తయారీదారు ఇచ్చేది) హీట్ నంబరు వారీగా కావాలి. సరుకు దించుకునే ముందు మా గేటు దగ్గర ప్రతి బాడీకీ పీఎంఐ చేస్తాం, మీ మనిషి దగ్గరుండి చూసుకోవచ్చు. రవాణా, లైన్ ఆపి మార్చే ఖర్చులు మీరే భరించాలి. అప్పటిదాకా మీ మిగతా బిల్లు ఆపమని అకౌంట్స్‌కి చెప్పాం. పది రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వగలరు.

ఇట్లు,
మెయింటెనెన్స్ ఇంజినీర్,
జీడిమెట్ల, హైదరాబాద్

జతపరచినవి: పీఎంఐ రిపోర్టు, బాడీ ఫొటోలు, పర్చేజ్ ఆర్డర్, మీ టెస్ట్ సర్టిఫికెట్ కాపీ