వార్షిక నివేదిక 2024–25: నీటి లెక్క

గౌరవ సభ్యులకు నమస్కారం.

గడచిన ఏడాది మన అపార్ట్‌మెంటు సంఘం ఖర్చులో అన్నిటికన్నా ఎక్కువగా పెరిగింది ట్యాంకర్ల బిల్లు కనుక, ఈ నివేదికలో అధిక భాగం నీటికే కేటాయిస్తున్నాం. లిఫ్టు మరమ్మతు, మెట్ల రంగులు, వినాయక చవితి జమాఖర్చులు నోటీసు బోర్డులో ఉన్నాయి. వాటిపై ఎవరూ అభ్యంతరం తెలపలేదు.

2024 వేసవిలో నాగార్జునసాగర్ మట్టం 510 అడుగుల దగ్గరికి పడిపోయినప్పుడు, మన నగరానికి నీరు సరఫరా చేసే హైదరాబాద్ జలమండలి అక్కడ అత్యవసర పంపింగుకు దిగింది. సాగర్ నిండు మట్టం 590 అడుగులు. 510కి దిగితే మామూలు పద్ధతిలో నీరు అందదు గనుక, వేరే పంపులు పెట్టి ఎత్తిపోయాలని జలమండలికి ముందే తెలుసు. 2015–16 కరవులో సింగూరు, మంజీరా జలాశయాలు ఎండిపోయి, 1908 మూసీ వరదల తర్వాత కట్టిన గండిపేట, హిమాయత్‌సాగర్ సైతం అడుగంటినా నగరం గొంతు తడిసిందంటే, దానికి కారణం 2015లోనే కృష్ణా తాగునీటి పథకం మూడో దశ, ఎల్లంపల్లి జలాశయం నుంచి గోదావరి నీరు అందుబాటులోకి రావడం. మనలో చాలామంది కుళాయిలో వచ్చే ఏ నీటినైనా నేటికీ ‘మంజీరా నీళ్లు’ అనే పిలుస్తాం గాని, 2016 వేసవిలో వచ్చినవి కృష్ణా, గోదావరి నీళ్లే.

జలమండలి జలాశయం మట్టాన్ని అడుగుల లెక్కన చూసి ఏం చేయాలో ముందే నిర్ణయించుకుంటుంటే, మనం మాత్రం కుళాయి బుసకొట్టాకే ఫోన్లు చేసేవాళ్లం. కార్యవర్గం ఈ ఏడాది మార్చదలచుకున్నది ఈ అలవాటునే.

పట్టణాలకు సూచించిన ప్రమాణం తలకు రోజుకు 135 లీటర్లు. మన 48 ఫ్లాట్లలో సగటున నలుగురు చొప్పున చూసుకుంటే రోజుకు దాదాపు 26 వేల లీటర్లు కావాలి. సరఫరా రోజు విడిచి రోజు కాబట్టి సంపులో 52 వేల లీటర్లు పట్టాలి, కానీ మన సంపు 40 వేలదే. నీళ్లు ధారాళంగా వచ్చిన వారంలో కూడా రెండు ట్యాంకర్లు ఎందుకు తెప్పిస్తున్నారని కొందరు అడిగిన ప్రశ్నకు జవాబు ఇదే. ఫ్లాటుకు నెలకు 20 వేల లీటర్లు ఉచితమన్నది బిల్లుకు సంబంధించిన మాట; ఆ నీరంతా సంపులో నిలుస్తుందన్న హామీ కాదు.

మార్చిలో రెండు బోర్లలో ఒకటి ఎండిపోగానే, వాచ్‌మన్ చేత ఒక వెదురు కర్రకు ఎర్ర రంగుతో మూడు గీతలు గీయించాం. అతను రోజూ ఉదయం ఆరింటికి దాన్ని సంపులో దించి, తడి ఎంతవరకు అంటిందో గేటు దగ్గరి పలక మీద రాస్తాడు. పై గీత కంటే తగ్గితే పైపుతో కార్లు కడగడం, మొక్కలకు నీళ్లు పట్టడం ఆగుతాయి. నడి గీతకు దిగితే అదే రోజు ట్యాంకరు బుక్ చేస్తాం. అడుగు గీతకు వస్తే మేడ మీది ట్యాంకుకు ఉదయం, సాయంత్రం గంట చొప్పునే మోటారు వేస్తాం. మొదట్లో ఈ కర్రను చూసి నవ్వినవారే ఇప్పుడు పలక రాయడం ఆలస్యమైతే అడుగుతున్నారు.

ఒక తప్పు కార్యవర్గానిదేనని ఒప్పుకోవాలి. ఏప్రిల్‌లో మేడ ట్యాంకు ఫ్లోట్ వాల్వు చెడిపోయిందని తెలిసీ నాలుగు రోజులు వాయిదా వేశాం. ఒక రాత్రంతా నీళ్లు పొంగి కాలువలో కలిశాయి.

ఇంకుడు గుంతది వేరే కథ. కట్టిన నాటి నుంచి దానిలో నిర్మాణపు ఇసుక, కొబ్బరి ఆకులే నిండి ఉన్నాయి. జూన్‌లో తవ్వించి, కంకర, గులకరాళ్లు, ఇసుక వరుసగా వేయించి, మేడ మీది గొట్టాలను దానికి కలిపాం. మన మేడ విస్తీర్ణం 600 చదరపు మీటర్లు కాబట్టి ఒక్క సెంటీమీటరు వానకే 6 వేల లీటర్లు రాలతాయి, అంటే ఒక ట్యాంకరు కంటే ఎక్కువ. ఇదివరకు వాన వెలిసిన మర్నాటికీ నీళ్లు నిలిచే గుంత, ఇప్పుడు రెండు గంటల్లో ఖాళీ అవుతోంది. ఎండిన బోరు తిరిగి పోస్తుందా అన్నది మాత్రం రెండు వర్షాకాలాలు చూశాకే చెప్పగలం.

సర్వసభ్య సమావేశం ముందు ఒకే తీర్మానం ఉంచుతున్నాం: పార్కింగ్ కింద మరో 15 వేల లీటర్ల సంపు కట్టించడం. తొలకరికి ముందే పని పూర్తి కావాలంటే రెండు కార్ల స్థలాలను నెల రోజులు ఖాళీ చేయాలి. ఆ ఇద్దరు సభ్యులతో మాట్లాడాం, ఒకరు ఒప్పుకున్నారు.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి