ఆ తల్లికి మీరిచ్చిన జవాబు సరికాదు

సంపాదకుల వారికి,

గత ఆదివారం మీ సలహాల శీర్షికలో ఇద్దరు పిల్లల తల్లికి ఇచ్చిన జవాబు చదివినప్పటి నుంచి నా మనసు కుదుటపడలేదు. ఆగిపోయిన చదువు పూర్తిచేయాలని ఉంది, ఇంట్లో కలిసిరావడం లేదు అని ఆమె రాస్తే, ‘పిల్లలు స్థిరపడేవరకు ఓపిక పట్టండి’ అని తేల్చేశారు. 22 ఏళ్ల క్రితం నాకూ ఇదే మాట చెప్పారు. పిల్లలు స్థిరపడ్డారు. అంతలో అత్తగారు మంచాన పడ్డారు. ఆమె పోయాక మనవడు పుట్టాడు. ఓపిక పట్టమన్నవారెవరూ ‘ఇక చాలు, వెళ్లు’ అనడానికి మళ్లీ రాలేదు.

నా చదువు ఒక పరీక్ష దగ్గర ఆగింది. రెండో పేపరు రోజు పాపకు జ్వరం. వాళ్ల నాన్న ఇంట్లోనే ఉన్నారు, మందు వేశారు, నన్ను వెళ్లిరమ్మన్నదీ ఆయనే. అయినా గంట గడవకముందే సగం రాసిన పేపరు ఇచ్చేసి వచ్చాను. ఎవరూ రమ్మనలేదు. వచ్చేసరికి పాప హాయిగా నిద్రపోతోంది. పాప పక్కన ఉండాలన్న కోరికా నాదే, పరీక్ష రాయాలన్న కోరికా నాదే. రెండోదాన్ని స్వార్థమని చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగాను కనుక లేచి వచ్చేశాను.

ఇది ఒక్క ఇంటి గొడవైతే మీకు రాసేదాన్ని కాదు. జీతంలేని సంరక్షణ పనిలో 76.2 శాతం గంటలు స్త్రీలవేనని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018లో లెక్క తేల్చింది. 1975 అక్టోబరు 24న ఐస్‌లాండ్‌లో పదిమందిలో తొమ్మిదిమంది స్త్రీలు పని మానేస్తే దేశం స్తంభించింది; తండ్రులు పిల్లలను వెంటబెట్టుకుని ఆఫీసులకు వెళ్లారు.

అధికారుల తీరు మరీ అన్యాయం. రెండేళ్ల క్రితం మళ్లీ చేరదామని వెళితే, కౌంటరులోని ఉద్యోగి కాగితాలు చూడకుండానే ‘ఈ వయసులో ఎందుకమ్మా’ అన్నారు. చదువు మధ్యలో ఎందుకు మానేశారో రాసి, ధ్రువపత్రం జతచేయమన్నారు. పిల్లలను పెంచానని నాకు ధ్రువపత్రం ఎవరిస్తారు? వేదికలెక్కి మాతృమూర్తులను పొగిడే పెద్దలెవరికీ ఆ దరఖాస్తు ఫారం సరిచేయించాలని తోచలేదా?

దయచేసి ఆమెకు ఇంకా ఓపిక నేర్పకండి. వారంలో ఏ రెండు పూటలు ఇల్లు చూసుకుంటారో భర్తను అడగమనండి. ఫీజు గడువు నెలాఖరు వరకేనని ఆమె రాశారు. ఈ లేఖను ఆలోపే ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

— ఒక పాఠకురాలు