ఈ వారం అట్టపెట్టెల క్లాసులు ఎందుకు ఆపేశానంటే

అందరికీ నమస్కారం. పిల్లలు అట్టపెట్టెలతో తమకి తోచినవి కట్టే మా శని, ఆదివారాల క్లాసులు ఈ వారం లేవని నిన్న రాత్రి ఒక్క ముక్క మెసేజ్ పెట్టి ఊరుకున్నాను. మొదటి నుంచీ పిల్లల్ని పంపుతున్న మీకు అసలు సంగతి చెప్పాలి.

మేం అడిగింది ఐదు పొరల పెట్టెలు. వచ్చిన కట్టల్లో పైవి మాత్రమే ఐదు పొరలవి, కిందవన్నీ మూడు పొరలవి, పైగా చెమ్మెక్కి ఉన్నాయి. ఒకదాన్ని నిలబెట్టి అరచేత్తో నొక్కితే మూలలు కుంగిపోయాయి. ఫోన్ చేస్తే సప్లయర్ ఏమన్నాడో తెలుసా, "పిల్లలు చించి పారేసేవే కదండీ, ఏవైతేనేం?" అని! ఆ మాట నాకింకా మింగుడు పడటం లేదు. మా దగ్గర ఏడేళ్ల పాప కట్టిన వంతెన మధ్యలో మడతపడి కూలితే, ఆ పాప అట్ట అంచుని కళ్లదగ్గర పెట్టుకుని లోపలి అలల కాగితం ఎటు పోతోందో చూసి, ముక్కని తిప్పి వేసింది. అలల గీతలు వంతెన పొడవునా ఉంటే అట్ట బరువు ఆపుతుంది, అడ్డంగా ఉంటే గీత వెంటే మడతపడుతుంది. ఎవరూ చెప్పలేదు, తనే పట్టుకుంది. అదే చెమ్మ అట్టయితే ఎటు తిప్పినా కూలేది, తన ఆలోచన తప్పో అట్ట తప్పో ఆ పాపకి తెలిసేదే కాదు.

ముక్కలన్నీ ముందే కోసి, ఇంటి బొమ్మ అచ్చేసిన కిట్లు వెంటనే ఇస్తామని ఇంకొకరు ముందుకొచ్చారు. తీసుకుంటే క్లాసు ఆగదు, ఫొటోలూ బాగా వస్తాయి. మా ఇంట్లో వాళ్లూ తీసుకోమనే అన్నారు. టెన్షన్‌తో రాత్రంతా నిద్ర లేదు. చివరికి వద్దన్నాను. కిట్‌లో ఇల్లు ఇల్లే. మా క్లాసులో అయితే పెద్ద ఖాళీ పెట్టె కోసం ఒకడు పడవ అని, ఇంకొకడు ఆస్పత్రి అని కొట్టుకుని, ఆఖరికి ఇద్దరూ కలిసి పడవ మీద ఆస్పత్రి కట్టారు. మాట్లాడుకుని ఒప్పించుకోవడం ఏ కిట్‌లో వస్తుంది? 2005లో అమెరికాలో మేటి ఆటవస్తువులకి చోటిచ్చే నేషనల్ టాయ్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి ఎక్కింది కూడా మామూలు అట్టపెట్టే. ఈ విషయంలో నన్ను మొండి అనుకున్నా ఫర్వాలేదు.

పాత సప్లయర్‌ని మానేశాను. కొత్త చోట నుంచి వచ్చే ప్రతి పెట్టెనీ నేనే నొక్కి చూసి లోపల పెడతాను. వచ్చే శనివారం క్లాసులు మామూలుగానే ఉంటాయి, ఈ వారం ఫీజు వాటికి సర్దేస్తాను, వద్దంటే తిరిగి ఇచ్చేస్తాను. మీ ఇంట్లో గట్టి పెట్టెలుంటే పిన్నులు పీకేసి, తడి తగలకుండా పంపండి.