ఆ మాత్ర ఒక్కసారిగా మానెయ్యకు అమ్మా

లీడ్స్

అమ్మా,

నిన్న వీడియో కాల్‌లో నీ మాట ముద్దముద్దగా వస్తుంటే భయమేసింది. తమ్ముణ్ణి గుచ్చిగుచ్చి అడిగితే చెప్పాడు, నాన్న దినాలైన దగ్గర్నుంచి రాత్రిళ్లు నిద్రమాత్ర వేసుకుంటున్నావని, ఈమధ్య ఒకటి చాలక రెండు వేసుకుంటున్నావని. పాలబ్బాయికి డబ్బులిచ్చి, గంట తర్వాత మళ్లీ ఇవ్వబోయావట. స్ట్రిప్ ఫొటో తెప్పించుకుని చూశాను. అల్ప్రాజోలం.

నిన్ను తప్పుపట్టట్లేదమ్మా. ఇన్నేళ్లు పక్కనున్న మనిషి లేకపోతే నిద్రెలా పడుతుంది? నీ అవస్థ చూడలేకే పిన్ని తన మాత్ర నీకిచ్చింది. కానీ చీటీ లేకుండా అమ్మకూడని షెడ్యూల్ హెచ్1 మందు అది. వీధి చివర మెడికల్ షాపులో అడగ్గానే ఇస్తున్నారంటే ఒళ్లు మండింది.

మనిషి పోయిన దుఃఖానికి, వేరే మానసిక జబ్బు లేనివాళ్లకు ఈ రకం మందులు ఇవ్వొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే చెప్పింది. అది నిద్రపుచ్చుతుందే తప్ప దిగులు తియ్యదు. డిప్రెషనే అయితే దానికి వేరే మందులున్నాయి, అవి పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. ఇది వెంటనే మత్తునిస్తుంది కాబట్టి జనం దీన్నే పట్టుకుంటారు. వారాల్లోనే ఒళ్లు అలవాటుపడి, ఒకటి రెండవుతుంది. వయసు మీదపడ్డాక మందు ఒంట్లోంచి త్వరగా పోదు కూడా. నేను పనిచేసే వార్డుకి తుంటి ఎముక విరిగి వచ్చేవాళ్లలో ఈ మాత్రల మత్తులో రాత్రి బాత్రూంకి లేచి తూలిపడ్డవాళ్లు ఉంటారు. మోకాళ్ల నొప్పికి ట్రామడాల్ గానీ వేసుకుంటున్నావా? రెండూ కలిస్తే ఊపిరే మందగించొచ్చు. ఈ ఒక్కటి తమ్ముడితో ఇవాళే చెప్పు.

ఇంత చదివి భయపడి రేపే మానేస్తావేమో, అది ఇంకా ప్రమాదం. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దుకాణాలు మూస్తే చేతులు వణుకుతూ, ఫిట్స్ వచ్చి, ఏదేదో మాట్లాడుతూ జనం హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి వచ్చారు, గుర్తుందా? నాన్న పేపర్లో చదివి మనకు చెప్పారు. కల్తీ కల్లులో ఈ అల్ప్రాజోలం లాంటివే కలుపుతారు. రోజూ అలవాటైన ఒంటికి ఒక్కసారిగా ఆపితే అలాగే అవుతుంది. డాక్టరు చూసి కొంచెం కొంచెంగా తగ్గించాలి. అందాకా మాత్రలు పెంచడం గానీ, తగ్గించడం గానీ, మానెయ్యడం గానీ నీ అంతట నువ్వు చెయ్యకు. తమ్ముడు డాక్టరుకి ఫోన్ చేసి అడుగుతాడు.

ఎర్రగడ్డ అనగానే పిచ్చాసుపత్రి అని ముఖం తిప్పుకోకు. నిద్రపట్టనివాళ్లు, దిగులుతో తిండి మానేసినవాళ్లు ఎందరో అక్కడి ఓపీకి వెళ్తారు. నాన్న దగ్గరికే పోవాలని ఎప్పుడైనా అనిపిస్తే దాచుకోకు, తమ్ముణ్ణి లేపు, లేదా 14416కి ఫోన్ చెయ్యి. టెలిమానస్ అని ప్రభుత్వానిదే, డబ్బులక్కర్లేదు, ఏ వేళైనా తెలుగులో మాట్లాడతారు. నాకూ చెయ్యి. అక్కడ రాత్రి రెండైతే ఇక్కడ తొమ్మిదిన్నరే. నాన్న గురించి చెప్పుకుందాం, ఏడుపొస్తే ఏడుద్దాం. నాకూ ఆయన గుర్తొస్తూనే ఉన్నారు.

శనివారం నిన్ను ఎర్రగడ్డకి తీసుకెళ్లడానికి తమ్ముడు సెలవు పెట్టాడు. ఆ స్ట్రిప్పూ, బీపీ మందుల చీటీ సంచిలో పెట్టుకో. ఎన్ని వేసుకుంటున్నావో డాక్టరుకి ఉన్నదున్నట్టు చెప్పు.

నీ అమ్మాయి